దొడ్డేటికి నెలలు నిండాయి

"ఇవాళ్టి నుంచి దొడ్డేరు ఏరు కాదు, తల్లి! ఆ తల్లికి ఏ లోటూ రానివ్వదు ఈ ప్రభుత్వం!" అని తమిళ సీమలోని ధర్మపురిలో మంత్రిగారు మైకు పట్టుకుని ప్రకటించగానే షామియానా కింద కూర్చున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. దొడ్డేరు ఎక్కడుందో తెలియనివాళ్లు మరీ గట్టిగా కొట్టారు.

పథకం పేరు 'నదీమాత ఆరోగ్య రక్ష'. కొండమీద పడిన చినుకు మొదలు అణకట్ట దాటే నీళ్ల దాకా కంటికి రెప్పలా కనిపెట్టుకుని, ఏటి ఆరోగ్యాన్ని ఏ రోజుకారోజు ఫోన్లో నమోదు చెయ్యడం దాని ఆశయం. ఇంత గొప్ప ఆశయానికి ఊరికొక మనిషి కావాలి కదా. బొమ్మిడి పక్కన, ఏటి గట్టునే ఉన్న దాసరికొట్టాయ్‌లో ఆ మనిషి కవిప్రియ అయింది. ఎంపికలో పక్షపాతం ఏమీ జరగలేదు. గట్టున ఇల్లు, చేతిలో ఫోను, చంకలో బిడ్డ, ఈ మూడూ ఉండి మీటింగుకి వచ్చింది ఆమె ఒక్కతే.

"చదువెంతమ్మా?" అని అడిగారు ప్రాజెక్టు ఆఫీసరు శ్రీనివాసన్ గారు.

"తొమ్మిది వరకు సార్. పదికి పంపలేదు, పెండ్లి చేసేసినారు."

"చాలు చాలు. తల్లి కష్టం తల్లికే తెలుస్తుంది. అది డిగ్రీలో చెప్పరు."

శ్రీనివాసన్ గారిదీ తెలుగిల్లే. మైకులో తమిళం, ఫైల్లో ఇంగ్లీషు వాడినా, కోపమొస్తే మాత్రం నేరుగా తెలుగులోకి దిగిపోయే మనిషి. కవిప్రియతో మొదటి రోజు నుంచీ తెలుగులోనే మాట్లాడారు.

కవిప్రియ ఆ పనికి ఒప్పుకోవడానికి కారణం ఒక్కటే. ఆమె కూతురు శాంతిప్రియకి రెండేళ్లు నిండవస్తున్నాయి, కడుపు మాత్రం నిండినట్టే నిండి ఖాళీ అయిపోతోంది. వారంలో నాలుగు రోజులు విరేచనాలే. ఊరికి నీళ్లొచ్చేది ఏటిలో తవ్విన బావి నుంచి. ఏటికి ఎగువన మైలు దూరంలో తంగవేల్ గారి సగ్గుబియ్యం మిల్లు. కర్రపెండలం గడ్డలు కడిగిన నీళ్లన్నీ తెల్లగా, పుల్లగా, కంపు కొడుతూ ఏట్లోకే. ఇంటిముందు కుళాయి తిప్పితే ముందు ఆ వాసన వచ్చి, తర్వాత నీళ్లొస్తాయి. కవిప్రియ ఆ నీళ్లు మరగబెట్టేది, మొగుడి పంచె నాలుగు మడతలు వేసి వడకట్టేది, మళ్లీ మరగబెట్టేది. హోసూరులో సెంట్రింగ్ పనికి పోయిన మొగుడు భూపతి రోజూ సాయంత్రం ఫోన్ చేసి, తిన్నావా అని కాదు, "పాప ఈ పొద్దు ఎన్నిసార్లు పోయింది?" అనే మొదట అడిగేవాడు.

మీటింగులో శ్రీనివాసన్ గారు మాటవరసకి ఒకటన్నారు. "ఏరు హై రిస్క్ అని తేలితే ఆ గట్టు ఊళ్లకి కొండమీది పెద్ద ట్యాంకు నుంచి వేరే పైపులైను వేస్తాం." ఆ మాట విన్నాకే కవిప్రియ చెయ్యెత్తింది.

* * *

శిక్షణ ఒక పూట. ఆప్ తయారు చెయ్యడానికి కంపెనీవాళ్లకి పదిహేను రోజులే గడువిచ్చారు. తెలివైనవాళ్లు. గర్భిణీల కోసం అంతకుముందే చేసిపెట్టిన ఆప్ ఒకటి వాళ్ల దగ్గరుంది. ఏరు తల్లి అని మంత్రిగారే అన్నాక వేరేది దేనికని, దాని నెత్తిమీద ఒక చేప బొమ్మ అంటించి ఇచ్చేశారు.

"పేరు దొడ్డేరు అని కొట్టినాను సార్. వయసు అడగతా ఉంది."

"ఏటికెంతుంటుంది... వెయ్యేళ్లని వెయ్యి."

"రెండంకెలే పడతా ఉంది సార్."

"తొంభై తొమ్మిది?"

"ముప్పై అయిదు దాటితే ఎర్రగా వెలగతా ఉంది."

"మొదటిరోజే ఎరుపు వద్దు. నీకెంత?"

"ఇరవై మూడు సార్."

"అదే వెయ్యి. ఇద్దరూ ఈడుజోడుగా ఉంటారు."

మొగుడి పేరు దగ్గర 'సముద్రం' అని వేశారు. మొగుడి వృత్తి దగ్గర శ్రీనివాసన్ గారు కాసేపు ఆలోచించి, "సొంత వ్యాపారం, ఉప్పు" అన్నారు. ఆ తర్వాతి ప్రశ్న పైకి చదవకుండా కవిప్రియ ఫోను ఆయన వైపు తిప్పింది. చివరిగా ముట్టయిన తేదీ.

సర్కారు పనిలో సిగ్గుపడే మనిషి కాదాయన. "ఏరు ఆఖరుసారి పొంగిందెప్పుడు?" అని అడిగారు.

"పోయిన అక్టోబరు ఇరవై ఏడు సార్. మా పిడకలన్నీ కొట్టుకపోయినాయి."

"కొట్టు."

కొట్టింది. ఆప్ తనంతట తానే లెక్కగట్టి, ఏడో నెల నడుస్తోందని, ఆగస్టు మూడున ప్రసవమని చెప్పింది. శ్రీనివాసన్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఆగస్టు మూడంటే ఆడి పద్దెనిమిది కదమ్మా!"

ఆడి నెల పద్దెనిమిదో రోజున ఏటిని కడుపుతో ఉన్న ఆడబిడ్డగా భావించి పసుపుతాడు, నల్లపూసలు, గాజులు, రకానికొక అన్నం పెట్టుకోవడం అక్కడి ఆచారం. ఆచారం చెప్పే తేదీ, ఆప్ చెప్పే తేదీ ఒకటే అయ్యేసరికి పథకం మీద ఆయనకున్న నమ్మకం భక్తిగా మారింది. ఆ ఉత్సాహంలోనే మిగతా గళ్లన్నీ తీర్మానించేశారు. బరువంటే అణకట్ట దగ్గర కొలత రాయి మీద నీళ్లెంతున్నాయో అది. బీపీ పైది అణకట్టకి పైన నీళ్లు, కిందిది అణకట్టకి కింద నీళ్లు.

కవిప్రియ ఇంటికొచ్చి ఇదంతా అత్తకి చెప్పింది. వెంకటలక్ష్మమ్మ చేట కింద పెట్టేసింది.

"ఏరు నీళ్లోసుకునిందంటనా? దాంట్లో నీళ్లే లేవు కదే, ఏం పోసుకునింది?"

"నేనేమన్నా చెప్పినానా అత్తా, ఫోన్ చెప్పింది."

"నాకు నలుగురు పుట్టినారు. ఒక్క ఫోనూ నన్ను ఎట్లుండావని అడగలేదు."

* * *

కవిప్రియ మాత్రం నిజాయితీగా చేసింది. పొద్దున్నే బిడ్డని చంకనేసుకుని గట్టుకి పోయేది. బరువు పన్నెండు. బీపీ పైది పన్నెండు, కిందిది సున్నా. 'ఇతర బాధలు' అన్న చోట ఉన్నది ఉన్నట్టు రాసింది: "తెల్లగా పోతా ఉంది. పుల్ల వాసన."

మర్నాడు ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు కాళియమ్మాళ్ సంచీతో దిగింది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు.

"ఇట్లా చెప్పుకోవడానికి సిగ్గుపడతారు పాపం ఆడవాళ్లు. ఎక్కడమ్మా పేషెంటు?"

కవిప్రియ ఏటి వైపు చెయ్యి చూపించింది. కాళియమ్మాళ్ చాలాసేపు ఏటినే చూసింది. తర్వాత సంచీలోంచి మాత్రలు తీసి అరుగు మీద పెట్టింది.

"పేషెంటు పేరు మీద వచ్చిన మాత్రలు నేను వాపసు తీసుకపోకూడదు. రోజుకొకటి ఇచ్చి ఫొటో పెట్టు. పరగడుపున వద్దు."

ఆ విధంగా దొడ్డేరు రోజుకొక ఐరన్ మాత్ర పుచ్చుకోసాగింది. "నా మోకాళ్లకి రెండు మాత్రలీమంటే స్టాకు లేదన్నారు మహాతల్లులు. ఏటికి నూటెనభై!" అని వెంకటలక్ష్మమ్మ గొణిగింది కానీ, ఫొటోలో చెయ్యి కనబడుతుందంటే తనే గాజులు సర్దుకుని మాత్ర వేసేది.

జూన్ ఆఖరుకి ఏటి బరువు పెరగలేదు సరికదా తగ్గింది. ఒక సాయంత్రం ఫోను ఎర్రగా వెలిగి, గంట కొట్టి, 'అధిక ప్రమాదం' అని చూపించింది. కవిప్రియ సంతోషం పట్టలేకపోయింది. ఎవరి ప్రాణానికో ప్రమాదమంటే ఇంత సంతోషమేమిటని ఒక్క క్షణం భయం కూడా వేసింది.

"పైపు వచ్చేస్తుంది, ఇంక పాపకి మంచినీళ్లే!" అని భూపతికి ఫోన్లో చెప్పి, కుళాయి పెట్టడానికి అడ్డంగా ఉందని రుబ్బురోలు పక్కకి జరిపించింది.

మర్నాడు పొద్దున పైపుకి బదులు జీపు వచ్చింది.

"ఏమ్మా, మంత్రిగారి తల్లికే హై రిస్కు పెడతావా?" శ్రీనివాసన్ గారు తెలుగులోకి పూర్తిగా దిగిపోయారు. "జిల్లాలో తక్కిన ఏర్లన్నీ నార్మల్. ఎందుకని? వాటిలో నీళ్లు లేవు, ఏ బాధా లేదు. నీ ఒక్కదాని ఏటికే ఎందుకమ్మా ఇన్ని రోగాలు?"

"చూసిందే రాసినాను సార్. మా పాప తాగేది ఆ నీళ్లే."

"సరే, పద. చూద్దాం."

అందరూ కలిసి మిల్లుకి పోయారు. పథకంలో గట్టు కమిటీ అధ్యక్షుడు కూడా తంగవేల్ గారే కాబట్టి పరిశీలన సాఫీగా జరిగింది. ముందు అందరికీ సగ్గుబియ్యం పాయసం ఇచ్చారు. తర్వాత ఏట్లోకి నీళ్లు వదిలే గొట్టం దగ్గరికి తీసుకుపోయారు. శ్రీనివాసన్ గారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"దీంట్లో ఏం విషముంది సార్?" అన్నాడు తంగవేల్, నొచ్చుకున్నట్టు. "గడ్డ కడిగిన గంజి. అంతా పిండి, బలం! ఇన్నేండ్లుగా ఏట్లో పోస్తా ఉన్నాను, ఒక్కరైనా నాకొక దండం పెట్టినారా?"

శ్రీనివాసన్ గారి ముఖం మెల్లగా వెలిగింది. ఫోను అందుకుని, ఆప్‌లో కిందికి కిందికి జరిపి, ఒక గడి దగ్గర ఆగారు. అదనపు పోషకాహారం.

"కడుపుతో ఉన్న తల్లికి రోజూ గంజి! ఇంతకాలం మనం ఈ గడి ఖాళీగా వదిలేసినాం చూడు. రాయమ్మా. దాత, తంగవేల్. రోజుకి రెండు లక్షల లీటర్లు."

"సార్, ఆ గంజికే మా పాపకి కడుపు పోతా ఉంది!"

"మీ పాప గర్భిణీ కాదు కదమ్మా."

ఎరుపు పసుపైంది. పైపులైను ఫైలు 'పరిశీలనలో ఉంది' అయింది. తంగవేల్ గారికి 'పోషణ మిత్ర' బిరుదిచ్చి శాలువా కప్పారు. రుబ్బురోలు పక్కకి జరిగినచోటే ఉండిపోయింది.

* * *

ఆడి పద్దెనిమిది నాడు దొడ్డేటికి జరిగిన సీమంతం లాంటిది ఆ తాలూకాలో ఏ ఆడపిల్లకీ జరగలేదు. కొలత రాయికి పట్టుచీర చుట్టి, పచ్చగాజులు దండ గుచ్చి వేశారు. చింతపండు పులిహోర, నిమ్మకాయన్నం, కొబ్బరన్నం, పెరుగన్నం, ఏడు రకాలు. ముందువరసలో మంత్రిగారు. తల్లి నిండుగా కనబడాలని తంగవేల్ గారు మిల్లు గొట్టం పూర్తిగా తెరిపించారు.

"ఏం తెలుపు! అచ్చం పాలే!" అని మంత్రిగారు చేతులు జోడించారు. ముక్కు మూసుకోవడానికి చేతులు ఖాళీ లేకపోయాయి.

సరిగ్గా పదకొండున్నరకి కవిప్రియ ఫోను గంట కొట్టింది. 'నెలలు నిండాయి. పన్నెండులోపు ప్రసవం నమోదు చెయ్యకపోతే బాధ్యుల మీద చర్య తీసుకోబడును.' ఆ వెంటనే శ్రీనివాసన్ గారి ఫోను. దాని వెంట మంత్రిగారి పీఏ ఫోను.

"కొట్టమ్మా, కొట్టు! నార్మల్ అని కొట్టు. సిజేరియన్ అనొద్దు, తగ్గించమని సర్క్యులర్ ఉంది. ఎక్కడ అంటే గవర్నమెంటు. ఆడబిడ్డ."

"బిడ్డ ఫొటో అడగతా ఉంది సార్."

శ్రీనివాసన్ గారు చుట్టూ చూశారు. గట్టు పక్కన కొత్తగా తవ్విన పిల్లకాలువ కనబడింది. దాన్ని ఫొటో తీశారు. 'ముఖం కనబడలేదు' అంది ఆప్. తంగవేల్ గారు నవ్వుతూ కాలువ ముందు నిలబడ్డారు. 'ఇది శిశువు కాదు' అంది. టైము పదకొండూ యాభై.

ఆయన చూపు కవిప్రియ చంకలో ఆగింది. శాంతిప్రియ నిమ్మకాయన్నం ముద్ద చేత్తో పట్టుకుని లోకాన్ని చూస్తోంది.

"పాపని ఇట్లా తిప్పు."

కవిప్రియ ఒకడుగు వెనక్కేసింది. "సార్, ఇది నా బిడ్డ!"

"ఎవరు కాదన్నారు? ఆప్‌లో మాత్రమే ఏటి బిడ్డ. చూడు, తల్లి ప్రసవించినాక హై రిస్కు లేదు, ఆ పైపు ఫైలు మూసేస్తారు. ఇంక నీళ్ల వసతంతా బిడ్డ అడ్రసుకే."

"మా ఇంటి అడ్రసుకా సార్?"

"మరి బిడ్డ ఎక్కడుంటే అక్కడికే కదా."

కవిప్రియ కొంగుతో కూతురి మూతి తుడిచింది. ఫొటో పడింది. ఆప్ ఒప్పుకుంది. బరువు తొమ్మిదిన్నర అంటే ఒప్పుకోలేదు, మూడు కిలోలంటే ఒప్పుకుంది. పన్నెండుకి రెండు నిమిషాలుందనగా మంత్రిగారు మైకులో ప్రకటించారు: "తల్లీ బిడ్డా క్షేమం!" మేళగాళ్లు వాయించేశారు.

"ఏమే, నా మనవరాలు ఏటికి పుట్టిందంటనా?" వెంకటలక్ష్మమ్మ మేళం మించి అరిచింది. "మరి ఆస్పత్రి వరండాలో రెండు దినాలు నేను ఎవురికోసరం కూసున్యానే?"

"ఊరుకో అత్తా. నీళ్లొస్తాయి."

* * *

నాలుగో రోజు ధర్మరాజ్ అనే లైన్‌మన్ పెద్ద రెంచీ, ఒక కాగితం తీసుకుని వచ్చాడు. కవిప్రియ పీట వేసి మజ్జిగిచ్చింది. అతను మజ్జిగ తాగి, నోరు తుడుచుకుని, ఇంటిముందున్న కుళాయి బిగించి, తీగ చుట్టి, సీలు వేశాడు.

"అన్నా, కొత్త పైపు పెట్టకుండా ఉండేది మూస్తావేంది?"

"ఆర్డర్లో అట్లే ఉందమ్మా." చదివి వినిపించాడు. "ఈ చిరునామాలో నవజాత శిశువు ఉన్నందున, ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీటితో సహా ఏదియూ ఇవ్వరాదు. కావున కుళాయి మూసివేయడమైనది."

కవిప్రియ శ్రీనివాసన్ గారికి ఫోన్ చేసింది. "సార్, అది రెండేళ్ల పిల్ల సార్. సంగటి తింటుంది!"

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. ఆప్‌కి తెలియదు కదమ్మా. ఆరు నెలలే, ఓర్చుకో."

ఆ రోజంతా ఆమె ఏడ్చింది. తన బిడ్డ నోటి దగ్గరి నీళ్లు తనే వేలితో నొక్కి ఆపేసినట్టనిపించింది. చెడ్డవో మంచివో, నీళ్లంటూ ఉండేవి. ఇప్పుడవీ లేవు.

మర్నాడు వీధి చివరి గుడిసెలకి ట్యాంకరొచ్చింది. వెంకటలక్ష్మమ్మ రెండు బిందెలు పట్టుకుని, కొంగు దోపుకుని, కొట్లాటకి సిద్ధమై పోయింది.

"కుళాయి ఉండే ఇంటికి ట్యాంకర్ నీళ్లు లేవు అవ్వా, రూలు" అన్నాడు డ్రైవరు.

"వచ్చి చూడరా నా కుళాయి!"

అతను వచ్చి సీలు చూశాడు. చెవి మీది పెన్ను తీసి, నోట్‌బుక్కులో రాసుకున్నాడు. "కుళాయి లేని ఇల్లు. దినానికి ఎనిమిది బిందెలు."

అవి కొండమీది పెద్ద ట్యాంకు నీళ్లు. కవిప్రియ గ్లాసులో పోసి వెలుతురుకి పెట్టి చూసింది, వాసన చూసింది, తనే ముందు తాగి ఒక పూట ఆగింది. తనకేం కాకపోయాక బిడ్డకి పట్టింది. ఆ వారమంతా సాయంత్రం ఫోన్లో ఆమె చెప్పిన జవాబు ఒకటే, "ఒకసారే." భూపతి నమ్మక వీడియో కాల్ చేసి కూతుర్ని చూసుకున్నాడు.

నెల తిరిగేసరికి శాంతిప్రియ కిలో బరువు పెరిగింది. శ్రీనివాసన్ గారు విలేకరుల్ని వెంటబెట్టుకుని వచ్చి, సీలు వేసిన కుళాయి పక్కన బిడ్డని ఎత్తుకుని నిలబడ్డారు. 'నదీమాత తొలి శిశువుకు సంపూర్ణ ఆరోగ్యం' అని పేపర్లో ఫొటో పడింది.

ఆ పేపరు పట్టుకుని వీధిలో ఆడవాళ్లంతా వచ్చారు. వాళ్ల చంకల్లోనూ బిడ్డలున్నారు, వాళ్ల ఇళ్లలోనూ పంచెలు నాలుగు మడతలే.

"నిజం చెప్పు కవీ, ఏం మందు పోసినావు?" అంది పక్కింటి మోహనప్రియ.

"ఏమీ పోయలేదక్కా. కుళాయి మూసేసినారు, అంతే."

మోహనప్రియ పోయి ఆ సీలుని వేలితో తట్టి చూసింది.

సోమవారం అర్జీల రోజు. శ్రీనివాసన్ గారు ఆఫీసుకి వచ్చేసరికి వరండా నిండా దాసరికొట్టాయ్ ఆడవాళ్లు, బిడ్డలు, కాగితాలు. అర్జీలన్నీ కవిప్రియే రాసిపెట్టింది. అన్నిట్లోనూ ఒకటే విన్నపం: 'మా కుళాయికి కూడా సీలు వెయ్యగలరు.' ఆయన ఒకటి చదివారు, రెండు చదివారు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇరవై రెండేళ్ల సర్వీసమ్మా. కుళాయి వెయ్యమని అడిగినవాళ్లనే చూసినాను. మూసేయమని అడిగే ప్రజల్ని ఇప్పుడే చూస్తా ఉన్నాను. పథకం మీద ఎంత నమ్మకముంటే ఇట్లా వస్తారు! అందరికీ వేస్తాం. తోసుకోకండి, లైన్లో రండి."

ఆడవాళ్లు లైను కట్టబోయి ఆగారు. అందరికంటే ముందు అప్పటికే ఒకాయన నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో అర్జీ, ఇంకో చేత్తో ఎత్తుకున్న మనవడు.

"మా ఇంటి కుళాయి కొంచెం తొందరగా మూసేయండి సార్" అన్నాడు తంగవేల్. "నేను పోయి మిల్లు తెరవాల."